మహారాజశ్రీ 36 నెలల గారి దివ్యసముఖమునకు

అయ్యా,

ఉభయకుశలోపరి. అమెరికా నౌకాదళంలో కొన్నేళ్ళు ఓడ అడుగున డీజిల్ ఇంజన్ల హోరులో గడిపి, గౌరవప్రదంగా విడుదలై, శాన్ డియేగోలో, డిగ్రీలో మొదటి రెండేళ్ళ చదువు చెప్పే ఒక కమ్యూనిటీ కాలేజీలో ఇంజనీరింగు చదువుకు చేరిన తెలుగువాడొకడు తమకు నమస్కరించి రాసుకుంటున్న విన్నపమిది. మాజీ సైనికుల చదువుకు ఫీజూ ఇంటి భత్యమూ ఇచ్చే జి.ఐ. బిల్లు అనే చట్టం కింద నాకు దక్కిన 36 నెలల గడువు తమరే. తమరు నన్ను ఎరుగుదురో లేదో కాని, నేను మాత్రం నెలనెలా తమరిని తలచుకుంటూనే ఉంటాను. తలచుకోకపోతే అద్దె డబ్బు ఆగిపోతుంది.

తమ వంశం సామాన్యమైనది కాదు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్ళ చేతిలో అరవై డాలర్లు, ఒక రైలు టికెట్టు పెట్టి సాగనంపిన దేశం, రెండోసారి ఆ పొరపాటు చేయకూడదనుకుంది. హ్యారీ కోల్మరీ అనే లాయరు వాషింగ్టన్‌లోని మేఫ్లవర్ హోటల్లో కూర్చుని, ఆ హోటలు కాగితాల మీదే మొదటి జి.ఐ. బిల్లు చిత్తుప్రతి రాశాడు. 1944 జూన్ 22న అధ్యక్షుడు రూజ్వెల్ట్ దాని మీద సంతకం చేశారు. ఏడాదికి 500 డాలర్ల దాకా ఫీజు, ఒంటరివాడికి తిండికీ గదికీ నెలకు 50 డాలర్లు. మాజీ సైనికులు వచ్చి పడితే విశ్వవిద్యాలయాలు దేశదిమ్మరుల మకాములైపోతాయని షికాగో విశ్వవిద్యాలయాధిపతి హచిన్స్ అప్పట్లో బెంగపెట్టుకున్నారు. 1947 నాటికి దేశంలోని కాలేజీ విద్యార్థుల్లో దాదాపు సగంమంది ఆ దిమ్మరులే అయ్యారు. కాలేజీలేమీ కూలిపోలేదు. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి సైనికులకు మాత్రం ఆ చట్టం చాలావరకు కాగితం మీదే మిగిలిపోయింది. తమ వంశచరిత్ర చెప్పేవాళ్ళు ఈ వాక్యం దగ్గరికి రాగానే ఎందుకో గొంతు తగ్గిస్తారు.

ఆ తాతగారు మనిషి చేసిన సర్వీసును బట్టి 48 నెలల దాకా సాగేవారు. 2008లో పుట్టిన పోస్ట్-9/11 (2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాతి సైనికుల) చట్టంతో పాటు వచ్చిన తమరు 36 దగ్గర ఆగారు. ఏడాదికి తొమ్మిది నెలల లెక్కన నాలుగేళ్ళ డిగ్రీకి అతికినట్టు సరిపోతారు. పద్దెనిమిదేళ్ళ వయసులో నేరుగా విశ్వవిద్యాలయంలో చేరి, ఒక్క సబ్జెక్టు తప్పకుండా, ఒక్క సెమిస్టరు వృథా పోకుండా చదివేసే కుర్రవాడిని మనసులో పెట్టుకుని తమరిని కొలిచి కత్తిరించారు కాబోలు. అటువంటి కుర్రవాడు సైన్యానికెందుకు వెళ్తాడన్నది ఎవరికీ తట్టినట్టు లేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. తమరు డబ్బు కాదు, కాలం. కాలానికి ధర తెలియదు. కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీ ఫీజు ఆ రాష్ట్రవాసులకు 2012 నుంచి యూనిట్‌కు (క్లాసు బరువును కొలిచే లెక్క అది) 46 డాలర్లు. పన్నెండు యూనిట్లు తీసుకుంటే, చిల్లర రుసుములు పక్కన పెడితే, సెమిస్టరుకు 552 డాలర్లు. ఆదాయం తక్కువైనవాళ్ళకు రాష్ట్రప్రభుత్వం అది కూడా మాఫీ చేస్తుంది. అదే ప్రైవేటు విశ్వవిద్యాలయమైతే 2024–25లో తమరు ఏడాదికి దాదాపు 29 వేల డాలర్ల దాకా కట్టడానికి సిద్ధపడ్డారు. అక్కడైనా ఇక్కడైనా సెమిస్టరు పూర్తయ్యేసరికి తమ ఖాతాలోంచి తరిగేది మాత్రం ఆ దాదాపు నాలుగు నెలలే. రెండిడ్లీలు తిన్నవాడి దగ్గరా ఫుల్ మీల్స్ తిన్నవాడి దగ్గరా ఒకే కూపను చింపే మెస్సు గుంటూరులో ఉంటే, దాని ఓనరు వారం తిరక్కుండా వీధిన పడేవాడు. తమరు పదిహేనేళ్ళకు పైగా నిక్షేపంగా నడుస్తున్నారు.

గుంటూరు అంటే గుర్తొచ్చింది. మా మేనమామ ఫోను చేసినప్పుడల్లా ఒకే ప్రశ్న వేస్తాడు. "గవర్నమెంటే ఫీజు కడతానంటుంటే పెద్ద యూనివర్సిటీలో చేరక, ఆ చిన్న కాలేజీలో ఏం చేస్తున్నావురా?" ఆయనకు తమరి సంగతి తెలియదు, తమరికి ఆయన సంగతి తెలియదు. అయినా ఇద్దరూ ఒకే లెక్కలో మాట్లాడుతున్నారు. హైస్కూల్లో నా మార్కులు చూసి పెద్ద యూనివర్సిటీ నన్ను గుమ్మం దాకా కూడా రానివ్వదనీ, ఇక్కడైతే సాయంత్రం క్లాసులుంటాయనీ, ముప్పైమందికి ఒక మాస్టారు ఉండి పేరు పెట్టి పిలుస్తారనీ ఆయనకు చెప్పాను. "అయితే మరి ఫీజు తక్కువే కదా, నీ జేబులోంచి కట్టుకుని ఆ గవర్నమెంటు డబ్బు దాచుకోరాదూ" అన్నాడు. అయ్యా, మా మామ ఎనిమిదో తరగతితో ఆపేసినవాడు. కాని ఇక్కడి మాజీ సైనికులు కొత్తగా వచ్చినవాడికి చెవిలో చెప్పే మొదటి సలహా సరిగ్గా ఇదే.

దాచుకోవచ్చు, నిజమే. కాని దాచుకుంటే అద్దె ఎవరు కడతారు? నిష్ఠూరమాడేవాడు న్యాయం కూడా చెప్పాలి కదా, చెబుతాను. ఫీజు విషయంలో నా దగ్గర మిగుల్చుకున్నా, ఇంటి భత్యం విషయంలో తమరు దొడ్డ మనసు చూపారు. కాలేజీ ఉన్న జిప్ కోడ్‌ను బట్టి, కుటుంబంతో ఉన్న ఈ-5 ర్యాంకు సైనికుడికి ఎంత ఇస్తారో అంతా నాకూ ఇస్తారు. శాన్ డియేగోలో అది నెలకు మూడు వేల డాలర్లు దాటుతుంది. నేను చదువుతున్నది 552 డాలర్ల చదువే కావచ్చు, కాని పడుకుంటున్నది ఖరీదైన ఊళ్ళో. ఆ భత్యం లేకపోతే నా తోటివాళ్ళలో సగంమంది క్లాసులో కాదు, ఏ గోదాములోనో రాత్రి షిఫ్టులో ఉండేవాళ్ళు. అందుకే దాచుకోగలిగినవాడు దాచుకుంటాడు, దాచుకోలేనివాడు ఖర్చు పెట్టుకుంటాడు. వెనకాల ఆసరా ఉన్నవాడి 36 నెలలు లా డిగ్రీ దాకా చేరతాయి. నాలాంటివాడివి డిగ్రీ మధ్యలోనే చేతులెత్తేస్తాయి.

ఆ భత్యం దగ్గర కూడా తమ గణితం ముచ్చటైనది. పన్నెండు యూనిట్లు పూర్తి చదువైతే, ఆరు యూనిట్లు చదివేవాడికి అద్దెకు సున్నా. ఏడు చదివితే అరవై శాతం. ఆ ఏడో యూనిట్ కోసం జనం ఎక్కడెక్కడ వెతుకుతారో తమరు చూడాలి. క్లాసులన్నీ ఆన్‌లైన్‌లోనే తీసుకుంటే జాతీయ సగటులో సగం, అంటే వెయ్యి చిల్లర డాలర్లు చేతికొస్తాయి. వారానికొకసారి బిల్డింగులో అడుగు పెట్టే క్లాసు ఒక్కటి జతచేస్తే పూర్తి భత్యానికి దారి తెరుచుకుంటుంది. డిసెంబరు మధ్యలో సెమిస్టరు ముగిసి మళ్ళీ జనవరి చివర్లో మొదలయ్యేదాకా భత్యం రాదు. అలా సెలవుల్లో ఇవ్వడం 2011లోనే ఆపేశారు. ఆ రోజుల్లో తమరు తరగరు కూడా, ధర్మం తప్పలేదు. కాని మా ఇంటి ఓనరుకు ఈ ధర్మసూక్ష్మం ఎంత విడమరిచి చెప్పినా ఒకటో తారీఖు మారడం లేదు.

అసలు తమరిని ఎక్కడ ఎలా తగలేస్తున్నానో చూపించాలంటే, కాలేజీ వెటరన్స్ ఆఫీసులో నా ముందున్న బల్లను చూపించాలి. దాని మీద నా డిగ్రీ ప్లాను ప్రింటవుటు ఉంటుంది. నా చదువును ప్రభుత్వానికి ధ్రువీకరించి పంపే అధికారిణి పసుపుపచ్చ హైలైటరుతో ఒక్కో క్లాసు మీద గీత గీస్తూ వెళ్తుంది. గీత పడ్డదానికే తమరు డబ్బిస్తారు. డిగ్రీకి పనికిరాని క్లాసుకు గీత పడదు. ఆవిడ మంచి మనిషి. నా వెల్డింగు క్లాసు దగ్గర హైలైటరు గాల్లో ఆగినప్పుడు నాకంటే ఆవిడే ఎక్కువ నొచ్చుకుంది. ఇంజనీరు కాబోయేవాడికి వెల్డింగు చేతకావాలా వద్దా అన్న చర్చ ఆ బల్ల దగ్గర జరగదు. ప్లానులో ఉందా లేదా, అంతే.

అదే బల్ల మీద ఇంకో కాగితం ఉంటుంది. సైన్యంలో నేర్చుకున్న శిక్షణను కాలేజీ క్రెడిట్లుగా సిఫారసు చేసే జాయింట్ సర్వీసెస్ ట్రాన్స్‌క్రిప్ట్ అది. అందులో నా ఇంజన్లున్నాయి, పంపులున్నాయి, అర్ధరాత్రి నీళ్ళు చిమ్ముతున్న వాల్వును టార్చిలైటు పళ్ళతో పట్టుకుని బిగించిన విద్య అంతా ఉంది. మా కాలేజీ దాన్ని ఆమూలాగ్రం చదివి, బూట్ క్యాంపులో పరిగెత్తినందుకు వ్యాయామవిద్య కింద క్రెడిట్లు, ఇంజన్లకు ఎలెక్టివ్ క్రెడిట్లు, అంటే ఐచ్ఛిక సబ్జెక్టుల క్రెడిట్లు, ఇచ్చింది. డిగ్రీకి ఎలెక్టివ్‌లు అక్కరలేదు. కనుక నేను నేర్చుకున్నదాన్నే మళ్ళీ మొదటి పాఠం నుంచి, తమరి ఖర్చు మీద, ఫస్టియరు పిల్లల పక్కన కూర్చుని నేర్చుకుంటున్నాను. పంపు బొమ్మ గీయమన్నప్పుడు మాస్టారు నా కాగితం వైపు కాస్త అనుమానంగా చూశారు. పాఠ్యపుస్తకంలో లేని భాగాలు కూడా అందులో ఉన్నాయి మరి.

ఇక్కడి నుంచి విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగుకు బదిలీ కావడానికి కావలసిన క్లాసులు గొలుసుకట్టు వ్యవహారం. కాలిక్యులస్ గట్టెక్కితే ఫిజిక్స్, ఫిజిక్స్ గట్టెక్కితే స్టాటిక్స్. ఒక లంకె "ఈ సెమిస్టరు లేదు, వసంతంలో వస్తుంది" అంటే మిగతా లంకెలన్నీ వరుసలో నిలబడతాయి. ఏళ్ళ తరబడి లెక్కల మొహం చూడనివాడు కాలిక్యులస్‌లో ఒకసారి మునగడం వింతేమీ కాదు. ఫెయిలైనందుకు తమరు జరిమానా వెయ్యరు, అది తమ మంచితనం. ఆ నెలలు మాత్రం పోతాయి. రెండేళ్ళలో తెములుతుందనుకున్నది మూడేళ్ళవుతుంది, తమరిలో ఇరవైకి పైగా నెలలు ఆవిరవుతాయి. అవతల విశ్వవిద్యాలయం గుమ్మంలో నిలబడేసరికి చేతిలో మూడు సెమిస్టర్లకు మించి ఉండవు. అసలు ఖర్చు, అంటే మా మామ చెప్పిన "పెద్ద యూనివర్సిటీ" ఖర్చు, మొదలయ్యేది అప్పుడే.

నెలాఖరున ఫోనులో తమ దూత ఒక మెసేజి పంపుతాడు. ఈ నెలా అవే క్లాసుల్లో ఉన్నావా, అవును కాదు చెప్పు. వరసగా రెండు నెలలు జవాబివ్వకపోతే భత్యం ఆగుతుంది. మోసాలు ఆపడానికట, ఆపాల్సిందే. "అవును" అని కొట్టినప్పుడల్లా ఎంత నేర్చుకున్నావని ఎప్పుడూ అడగని ఒక సుపీరియరుకు హాజరు పలికినట్టే ఉంటుంది. ఓడలో ఉదయం మస్టరు కంటే ఇది సులువు. ఇక్కడ బూట్లు తుడవనక్కరలేదు.

తమరిని సాగదీయడం అసాధ్యమని కూడా అనలేను. ఇరాక్, అఫ్గానిస్తాన్‌లలో పనిచేసిన జేమ్స్ రుడిసిల్ అనే సైనికాధికారి యేల్ డివినిటీ స్కూలులో చదవాలనుకున్నాడు. పాత మాంట్‌గొమరీ చట్టం కిందా కొత్త చట్టం కిందా తనకు హక్కుంది కనుక రెండూ కలిపి 48 నెలలు రావాలన్నాడు. మాజీ సైనికుల శాఖవారు కుదరదన్నారు. చివరికి 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. పన్నెండు నెలల చదువు కోసం దేశంలోని అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్ళవలసి వచ్చింది. నాకంత స్తోమత లేదు, రెండు చట్టాల కింద పనిచేసిన సర్వీసూ లేదు.

నా కోరికలు చిన్నవి. కమ్యూనిటీ కాలేజీలో గడిపిన నెలను పూర్తి నెలగా కాక సగం నెలగా తరగండి. సగం మరీ ఎక్కువనిపిస్తే, అద్దె ఎలాగూ పూర్తిగా ఇస్తున్నామంటారు కనుక, ముప్పాతికగా తరగండి, బేరమాడను. ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఉన్న విద్యనే కాలేజీ మళ్ళీ చదివిస్తే ఆ క్లాసు రోజుల్ని తమ ఖాతాలోంచి కాక ఆ కాలేజీ ఖాతాలోంచి తరగండి. అప్పుడు చూడండి, ఎలెక్టివ్‌లన్నీ ఎంత త్వరగా ఇంజనీరింగు అయిపోతాయో.

ఇవేవీ కుదరకపోతే ఒక్కటైనా దయచేయించండి. ప్రభుత్వ కాలేజీలో సెమిస్టరు నడుస్తుండగా తమరు అయిపోయినా, ఆ సెమిస్టరు చివరిదాకా ఫీజూ భత్యమూ ఇచ్చే నియమం ఒకటి తమ చట్టంలోనే ఉంది. కావలసిందల్లా క్లాసులు మొదలయ్యే నాటికి ఖాతాలో ఒక్క రోజు మిగిలి ఉండటం. వెటరన్స్ ఆఫీసు అధికారిణి, నేను, ఆ పసుపుపచ్చ హైలైటరు కలిసి కేలండరు ముందేసుకుని ఆ ఒక్క రోజును కాపాడే ప్రయత్నంలో ఉన్నాం. ప్రస్తుతానికి లెక్క రెండు రోజులు తక్కువ వస్తోంది. వచ్చే వేసవిలో ఒక క్లాసు వదులుకుంటే సరిపోతుందని ఆవిడ అంటోంది. ఏ క్లాసు వదలాలో తేల్చుకోవడానికి మంగళవారం మళ్ళీ రమ్మంది.

ఇట్లు,
తమ ఖాతాదారు,
ఒకప్పటి ఇంజన్ గది మనిషి