నిద్ర సంగతి కూడా రాయాల్సింది

ఇంటర్నెట్ వ్యసనం వల్ల విద్యార్థుల మార్కులు తగ్గుతున్నాయన్న వ్యాసం ఒకటి చదివాను; దానితో ఏకీభవిస్తున్నాను గానీ, అందులో నిద్ర ప్రస్తావన లేకపోవడం పెద్ద లోటు. హన్మకొండలో ఇంటర్ పిల్లలకు ఏళ్లుగా గణితం చెబుతున్నాను. 2020లో కరోనా సమయంలో పాఠాల కోసమని కొనిచ్చిన ఫోన్లు, తరగతులు మొదలయ్యాక కూడా పిల్లల దిండ్ల కిందనే ఉండిపోయాయి. పగలు చదివినది మెదడులో కుదురుకోవడానికి రాత్రి నిద్ర ఎంతో అవసరం కనుక, రెండింటిదాకా రీల్స్ చూసిన పిల్లవాడు ఎంత తెలివైనవాడైనా నష్టపోక తప్పదు. మొన్న ఒక అబ్బాయి, ముందురోజు తానే చేసిన ఇంటిగ్రేషన్ లెక్కను బోర్డు మీద సగం వేసి, చాక్‌పీసు పట్టుకుని, ఎర్రబడిన కళ్లతో అలాగే నిలబడిపోయాడు. తిట్టడానికి నాకు మనసు రాలేదు. వీడియో గేములు ఆడటం మానుకోలేని గేమింగ్ రుగ్మతను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే వ్యాధుల వర్గీకరణలో చేర్చినా, మనం ఇంకా దాన్ని పొగరుగానే చూస్తున్నాం. రాత్రి పదింటికల్లా ఇంట్లో అందరి ఫోన్లూ, ముందుగా తల్లిదండ్రులవి, హాల్లో ఒకచోట పెట్టండి.