కొన్నవాడిదేనా నేరం?

స్కూళ్లు, కాలేజీలు తెరిచారు. ఏటా మాదిరే జంక్షన్లలో తనిఖీలూ మొదలయ్యాయి. అమలాపురం, పాలకొల్లు, భీమవరం, తణుకు, ఏ ఊరైనా ఒకటే తంతు. చార్జింగ్ బండి, అంటే బ్యాటరీ స్కూటరు, మీద వచ్చిన కుర్రాణ్ని పక్కకు ఆపుతారు. నంబరు ప్లేటు లేదు, లైసెన్స్ లేదు, హెల్మెట్ లేదు. అవేవీ అక్కర్లేదని షోరూమ్‌లో చెప్పారంటాడు వాడు. ఎవడు చెప్పాడంటాడు పోలీసు. తండ్రికి ఫోన్ వెళుతుంది. ఆయన రొయ్యల చెరువు దగ్గర పని వదిలేసి బిల్లు పట్టుకుని పరుగెత్తుకొస్తాడు. ఆ బిల్లు మీద షోరూమ్ పేరు, ఫోన్ నంబరు, జీఎస్టీ నంబరు అన్నీ అచ్చేసే ఉంటాయి. ఆ నంబరుకు ఒక్క అధికారి ఫోన్ చేసిన పాపాన పోడు.

రూల్ అర్థం కాక ఇదంతా జరుగుతోందంటే నమ్మలేం. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో సంగతి స్పష్టంగానే ఉంది. మోటారు సామర్థ్యం 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోలకు మించకూడదు. గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ ఆమోదం ఉండాలి. ఇవన్నీ ఉంటే అది మోటారు వాహనమే కాదు, రిజిస్ట్రేషన్‌తో, లైసెన్స్‌తో పని లేదు. ఒక్క గీత దాటినా అది మోటార్ సైకిలే. ఆకుపచ్చ ప్లేటు, ఆర్‌సీ, ఇన్సూరెన్స్, లైసెన్స్, హెల్మెట్ అన్నీ ఉండి తీరాలి. గందరగోళమంతా అమ్మకంలో పుట్టిందే, కావాలని పుట్టించిందే.

షోరూమ్‌లో చూపించే కాగితం ఒకటి, రోడ్డు మీద పరుగెత్తే బండి ఇంకొకటి. మోటారు మీద 250 వాట్లని ముద్ర ఉంటుంది. మన వంటింటి మిక్సీలే 500, 750 వాట్లుంటాయి. ఇద్దరు మనుషులు, మధ్యలో చేపల మేత బస్తా, 216 జాతీయ రహదారి మీద నలభై అయిదు స్పీడు... ఇంత బరువు అంత వేగంతో లాగేది మిక్సీ మోటారులో సగం ఉన్న ముక్కేనట! లెక్కల మాస్టారు అక్కర్లేదు, మెకానిక్ షెడ్డులో స్పానర్లు అందించే పిల్లాణ్ని అడిగినా నవ్వుతాడు. నిజంగా ఆమోదం పొందిన బండ్లకూ దిక్కు లేదు. వాటికి వేగం పెరగనీయకుండా ఆపే స్పీడ్ లాక్ అని ఒక వైరు ఉంటుంది. 'లాక్ తీసి ఇమ్మంటారా?' అని సీటు కవరు వేయమంటారా అన్నంత మామూలుగా అడుగుతారు. తీశాక బిల్లులో ఆ ముక్క రాయరు. బండి పట్టుబడిన రోజున ఆ వైరు సంగతి తమకు తెలియదంటారు.

మరి అమ్మినవాడి మీద చట్టం లేదా? శుభ్రంగా ఉంది. మోటారు వాహనం అయినప్పుడు, అదే రాష్ట్రంలో కొంటే, రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేయాల్సింది డీలరే. నంబరు పడకుండా బండి కొన్నవాడి చేతికి ఇవ్వనే కూడదు. నిబంధనలకు విరుద్ధంగా ఉన్న వాహనాన్ని అమ్మినా, మార్చి ఇచ్చినా మోటారు వాహనాల చట్టం 182ఎ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లేదంటే బండికి లక్ష రూపాయల జరిమానా, లేదంటే రెండూ. 2019 సవరణలో పార్లమెంటు పెట్టిన శిక్ష ఇది. అదే సవరణ మైనరు నేరం చేస్తే తల్లిదండ్రులకూ బండి యజమానికీ మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా పెట్టింది. పిల్లల తండ్రుల్ని నిలబెట్టి ఈ రెండోది పదే పదే చదివి వినిపిస్తున్నారు. మొదటిది చదవాల్సి వచ్చేసరికి కళ్లజోడు కనిపించడం లేదు కాబోలు.

కంపెనీ పంపిందే అమ్ముతున్నామని డీలర్లు అంటున్నారు. సిబ్బంది చాలడం లేదని, రిజిస్ట్రేషన్ లేని బండి తమ కంప్యూటర్లో కనిపించదని రవాణా శాఖ అంటోంది. వినడానికి బాగానే ఉన్నాయి. జంక్షన్లో ఎండలో నిలబడి పిల్లల బళ్లు ఆపడానికి చాలిన సిబ్బంది, నీడపట్టున ఉన్న షోరూమ్‌లోకి అడుగు పెట్టడానికి ఎందుకు చాలడం లేదు? 'లైసెన్స్ వద్దు, రిజిస్ట్రేషన్ వద్దు' అని నిలువెత్తు బోర్డులు బస్టాండ్ ఎదురుగానే ఉంటాయి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్లు రోజూ వాటి ముందు నుంచే ఆఫీసుకు వెళతారు.

ఈ బండి కొంటున్నవాళ్లెవరో కూడా చూడాలి. కొబ్బరి ఒలుపుకు వెళ్లే కూలీ, చెరువు కాపలా మనిషి, తట్టలో చేపలు పెట్టుకుని ఊరూరా తిరిగే ఆడమనిషి. లీటరు పెట్రోలు వంద దాటాక వీళ్లకు చార్జింగ్ బండి నిజంగానే ఆసరా. దాన్ని వద్దనడం మా ఉద్దేశం కాదు. కానీ మన కాలువ గట్లు తెలిసినవే కదా. ఓ పక్క నీళ్లు, ఓ పక్క పల్లం, ఎదురుగా ధాన్యం లారీ. చప్పుడు లేకుండా వచ్చే బండి సందె చీకట్లో ఏ ముసలాయన్నో గుద్దితే పరిహారం ఎవరిస్తారు? కాగితం మీద సైకిలు, ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ ముందు మోటార్ సైకిలు. ఇన్సూరెన్స్ లేదు కాబట్టి నష్టమంతా బండి యజమాని మెడకే. ఉన్న అరెకరం అమ్ముకోవాల్సింది ఆ కూలీయే. దెబ్బతిన్నవాడికి ఆ అరెకరమూ లేకపోతే ఇద్దరూ మునిగినట్టే. అమ్మినవాడు మాత్రం ఆ రోజు కూడా ఇంకో రెండు బండ్ల వైర్లు పీకి ఇస్తుంటాడు.

2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఇంట్లో చార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఒకరు చనిపోయాక గానీ బ్యాటరీ పరీక్షలు బిగించలేదు. ఈ వేగం మోసానికి కూడా ఒక శవం కావాలా? ఇవాళ పట్టించుకోకపోతే రేపు ప్రతి కంపెనీ ఇదే దారి పడుతుంది. పన్ను కట్టి, పరీక్షలు చేయించి, నంబరు వేయించి అమ్మే డీలరు వెర్రివాడవుతాడు.

తల్లిదండ్రులకూ ఒక మాట. తొమ్మిదో తరగతి పిల్లాడికి బండి కొనిచ్చి, పక్కింటివాళ్లు కొన్నారనడం జవాబు కాదు. అయినా మీ తప్పు మీకు చలానా రూపంలో చేరుతూనే ఉంది.

చేరనిది అమ్మినవాడికి ఒక్కడికే. ఉభయ గోదావరి, కోనసీమ జిల్లాల రవాణా అధికారులు జీపు తిప్పాల్సింది జంక్షన్ వైపు కాదు. షోరూమ్ ముందు ఆపి బిల్లు పుస్తకం తీయించండి. ఆమోద పత్రంలోని మోడల్, అమ్మిన మోడల్ ఒకటేనా చూడండి. నిలబెట్టి ఉన్న బండిలో ఒకదాన్ని బయటకు తెప్పించి మీరే ఎక్కి నడపండి. స్పీడోమీటరు ముల్లు ఎక్కడికి వెళుతుందో మీకే తెలుస్తుంది. అమ్మినవాడి మీద ఒక్క కేసు పెట్టండి, అప్పుడు పిల్లాడి బండి తాళం లాక్కోండి. అంతవరకు ఆ తాళం మీద చెయ్యి వేసే అర్హత మీకు లేదు.