ఘోషా, గేయమా: బరంపురం మిత్రుల వాదోపవాదం

ఒడిశాలోని బరంపురంలో పక్కపక్క వీధుల్లో పెరిగిన మేమిద్దరం వరసకు బావలం కాకపోయినా చిన్ననాటి నుంచి ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటాము. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా నేర్చినవాళ్లం పాటల దగ్గరకు వచ్చేసరికి ఇంగ్లీషుకు వెళ్లాము, అక్కడే దారులు చీలాయి. అతడు సులువుగా నోటికి వచ్చే పాప్ పాటలు వింటాడు, నేను గరగరలాడే గిటార్లతో బరువుగా సాగే హెవీ మెటల్ వింటాను. ఆదివారం సాయంత్రం గోపాల్‌పూర్ తీరంలో కూర్చుని, ఒకరు ఎంచిన పాటను రెండోవారు మధ్యలో ఆపకుండా చివరిదాకా వినాలన్నది మా ఒప్పందం. బ్లాక్ సబ్బాత్ బృందం 1970 ఫిబ్రవరి 13న విడుదల చేసిన తొలి ఆల్బమ్‌లోని మొదటి పాటను నేను వినిపించిన రోజు జరిగిన వాదం ఇది. నేను ఒక పక్షం వాడిని గనుక ఇందులో నా మాటలే ఎక్కువగా ఉంటాయి. అయితే అతడు అన్నవాటిలో నాకు గట్టిగా తగిలిన మాటలను నేను మెత్తబరచలేదు.

మిత్రుడు: ఒప్పందం ప్రకారం చివరిదాకా విన్నాను బావా. వాన చప్పుడు, చర్చి గంట, ఆ తరువాత గిటారు మీద మూడే స్వరాలు. ఆ మూడోది వినబడ్డ ప్రతిసారీ పంటికింద రాయి పడ్డట్టే అనిపించింది. పాట అన్నది వచ్చినవాడిని లోపలికి రమ్మని పీట వేయాలి గాని, గుమ్మంలోనే బెదరగొట్టి పంపితే ఎలా?

నేను: ఆ మూడు స్వరాలను మన కర్ణాటక సంగీతం లెక్కలో చెబుతాను. మొదటిది షడ్జమం, రెండోది పై స్థాయి షడ్జమం, నీకు రాయిలా తగిలినది ప్రతిమధ్యమం. మన 72 మేళకర్త రాగాల్లో సరిగ్గా సగం, అంటే 37 నుంచి 72 వరకు, ఆ స్వరంతోనే నడుస్తాయి. కల్యాణిలో గాంధార పంచమాలు ఇరువైపులా తోడు ఉండగా అదే స్వరం మంగళకరంగా వినిపిస్తుంది. ఇక్కడ ఆ తోడును తీసివేసి, దానిని షడ్జమం ఎదుట ఒంటరిగా నిలబెట్టారు. పాట చెబుతున్నది భయాన్ని గురించి అయినప్పుడు స్వరం పీట వేసి కూర్చోబెడితే అది అబద్ధం అవుతుంది.

మిత్రుడు: లెక్క ఒప్పుకుంటాను. లెక్క కుదిరినంత మాత్రాన చెవికి ఇంపు కలుగుతుందా?

నేను: ఇంపు ఒక్కటే సంగీతానికి కొలత అయితే తొమ్మిది రసాల్లో రౌద్రానికీ భయానకానికీ చోటు ఎందుకు ఇచ్చారు? ఈ ధ్వని ఎలా పుట్టిందో విను. ఆ బృందంలో గిటారు వాయించిన టోనీ అయోమీ బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీ కార్మికుడు. 17 ఏళ్ల వయసులో యంత్రం కింద అతడి కుడిచేతి నడిమి వేలి కొన, ఉంగరపు వేలి కొన తెగిపోయాయి. అతడిది ఎడమచేతి వాటం కనుక తీగలు నొక్కవలసినది ఆ వేళ్లతోనే. ప్లాస్టిక్ సీసాను కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, వాటి మీద తోలు అంటించాడు, సన్నని తీగలు ఎంచుకున్నాడు. 1971 నాటి మూడో ఆల్బమ్‌కల్లా శ్రుతి తగ్గించి తీగలను ఇంకా వదులు చేశాడు. నీకు బరువుగా వినిపించే ఆ మంద్రధ్వని వెనుక వేళ్లు తెగిన కార్మికుడు తన పని మానకుండా వెతుక్కున్న ఉపాయం ఉంది. ఇక గరగర సంగతి. ఆంప్లిఫయరు భరించగలిగిన హద్దును దాటించి ధ్వనిని తోసినప్పుడు తరంగాల కొసలు తెగి కొత్త అనుస్వరాలు, అంటే అసలు స్వరంతో పాటు మోగే పై స్వరాలు, పుట్టుకొస్తాయి. ఆ స్థితిలో గాంధారం కూడా కలిపితే అంతా కలగాపులగం అవుతుంది. అందువల్లనే మెటల్ వాయిద్యకారులు చాలాచోట్ల షడ్జమం, పంచమం రెండింటినే పట్టుకుంటారు. ఆ రెండు స్వరాలు మన తంబురా మీదివే కదా! నీవు రొద అంటున్నది శ్రుతికి అంత దగ్గరగా ఉంది.

మిత్రుడు: తంబురా గాయకుడి వెనుక కూర్చుంటుంది బావా. మీవాళ్లు తంబురాను తెచ్చి గాయకుడి నెత్తిన పెట్టారు.

(దీనికి ఆ రోజు నేను జవాబు చెప్పలేకపోయాను, ఇప్పటికీ పూర్తిగా చెప్పలేను.)

నేను: సరే, నీ పక్షం చెప్పు. నాలుగు కార్డ్‌లను, అంటే ఒకేసారి మోగే స్వరాల మేళవింపులను, గుండ్రంగా తిప్పి, ఒకే పల్లవిని ఆరుసార్లు పాడించే పాటలో ఉన్న గొప్పతనం ఏమిటి?

మిత్రుడు: మన ఊరి పట్టుచీర అంచున కుంభం వరస చూశావు కదా. ఒకే కుంభం ఈ కొస నుంచి ఆ కొస దాకా వస్తుంది. నేసేవాడికి రెండో నమూనా చేతకాక అలా నేశాడని ఎవరైనా అంటారా? తిరిగి తిరిగి వచ్చేదాన్ని విసుగు పుట్టకుండా నిలబెట్టడమే అక్కడ పనితనం. 1974లో బ్రైటన్ నగరంలో జరిగిన యూరోవిజన్ పాటల పోటీలో స్వీడన్ బృందం ఆబ్బా గెలిచింది. ఆ పాట మూడు నిమిషాలు కూడా ఉండదు. హెడ్‌ఫోన్ పెట్టుకుని పల్లవి దగ్గర విను, ఇద్దరు స్త్రీల గొంతులు ఒకదాని మీద ఒకటి పొరలుగా పరచుకుని ఉంటాయి. పైకి తేలికగా ఉన్నదాన్ని చేయడం తేలిక అనుకోకు. ఇంకొక మాట. 1998 నుంచి పాప్ లోకాన్ని ఏలిన పాటల రచయిత మాక్స్ మార్టిన్ అంతకుముందు స్వీడన్‌లో ఒక గ్లామ్ మెటల్ బృందంలో గాయకుడు. మీ ఇంట్లో ఉన్నవాడే మా ఇంటికి వచ్చాడు.

నేను: వచ్చినవాడు వట్టి చేతులతో రాలేదు, గుంపు చేత పాడించే ఆ పల్లవుల గట్టిదనం మా దగ్గర నేర్చుకున్నదే అని నా నమ్మకం. 1982లో మైకేల్ జాక్సన్ థ్రిల్లర్ ఆల్బమ్‌లోని బీట్ ఇట్ పాటకు నడుమ ప్రాణం పోసింది కూడా హార్డ్ రాక్ వాయిద్యకారుడు ఎడ్డీ వాన్ హేలెన్ గిటారే.

మిత్రుడు: నా నమ్మకం అన్నావు కనుక వదిలేస్తున్నాను. కాని మీ పాటల వల్ల చెవులు పోతాయన్నది నమ్మకం కాదు. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు 8 గంటలు వినవచ్చునని, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగానికి తగ్గుతుందని అమెరికా కార్మిక ఆరోగ్య సంస్థ లెక్క కట్టింది. ఆ లెక్కన 100 డెసిబెల్స్ దగ్గర 15 నిమిషాలే.

నేను: ఆ లెక్క యంత్రానికి ఉన్న మీటది, పాటది కాదు. పెళ్లి ఊరేగింపులో డీజే బండి వెంట కిటికీ అద్దాలు అదిరేలా మోగేవి ఎవరి పాటలు? రాత్రి పది దాటాక లౌడ్‌స్పీకర్లు మోగకూడదని 2000 నాటి కేంద్ర నిబంధనలు ఉన్నా ఆ బండ్లు ఆగడం లేదు.

మిత్రుడు: ఆ బండ్ల తరఫున నేను మాట్లాడను. మా నానమ్మ గుండెజబ్బుతో మంచం మీద ఉన్నప్పుడు వీధిలో బండి ఆపమని వేడుకున్నవాడిని నేనే. కాని మన ఊరి ఠాకురాణీ అమ్మవారి యాత్రలో ఢోలు పక్కన నిలబడి చెవులు మూసుకోకుండా మురిసిపోయేది నీవే.

నేను: మురిసిపోతాను. ఢోలు దెబ్బ చెవికన్నా ముందు రొమ్ముకు తగులుతుంది, మెటల్‌లో జంట బాస్ డ్రమ్ములు చేసే పని కూడా అదే. ఢిల్లీ బృందం బ్లడీవుడ్ ఆ ఢోలునే మెటల్‌లోకి తెచ్చి, 2022లో జపాన్‌లోని ఫుజి రాక్ వేదిక మీద హిందీ, పంజాబీ మాటలతో వాయించింది.

మిత్రుడు: ఢోలును పక్కన పెట్టు. 1990ల తొలి ఏళ్లలో నార్వేలో కొందరు బ్లాక్ మెటల్ సంగీతకారులు పాత చెక్క చర్చిలను తగలబెట్టారు, ఒకడు తోటి సంగీతకారుడిని చంపి జైలుకు వెళ్లాడు. కోపాన్ని పెంచి పోషిస్తే అది పాటలో మాత్రమే ఉండిపోతుందని నీవు ఎలా పూచీపడతావు?

నేను: పూచీ పడలేను. ఆ పనులను సమర్థించే మాట నా నోట రాదు, వాటిని చిన్నవి చేసి చెప్పను కూడా. అయితే గంజాం పల్లెల్లో తెల్లవార్లూ సాగే ప్రహ్లాద నాటకాన్ని తలచుకో. నరసింహుడి ముఖోటా పెట్టుకున్న పాత్రధారి గర్జిస్తూ వచ్చేటప్పుడు అతడిని పట్టుకోవడానికి మనుషులు సిద్ధంగా ఉంటారు, పిల్లలు తల్లుల వెనుక దాక్కుంటారు. అయినా ఆ గర్జన లేని నాటకం ఊరికి వద్దు. మనిషిలో ఉన్న ఉగ్రతను పదిమంది ఎదుట, ఒక హద్దులో, ఒక తాళంలో బయటికి రానివ్వడం పూర్వులకు తెలిసిన విద్యే. మెటల్ గాయకుడి గొంతు గర్జనను నేను అదే వరసలో వింటాను. మా నాన్నగారు పోయిన ఏడాది అందరూ ఓదార్పు మాటలు చెబుతుంటే, తీయని పాట ఏది విన్నా నా దుఃఖాన్ని తొందరగా సర్దుకోమంటున్నట్టే అనిపించేది. నెమ్మదిగా, బరువుగా సాగే ఆ గిటారు ఒక్కటే నన్ను తొందరపెట్టలేదు. నేను ఎంత కిందికి దిగితే అదీ అంత కిందికి వచ్చి నా పక్కన ఉంది. నీ పాప్ నా చేయి పట్టుకుని పైకి లాగాలని చూసింది బావా, నాకు అప్పుడు కావలసింది అది కాదు.

మిత్రుడు: ఆ ఏడాది సంగతి నేను ఎత్తకూడదనుకున్నాను, నీవే ఎత్తావు. ఆ రోజుల్లో నీవు గది తలుపు వేసుకున్నావు. లోపల ఆ పాటలు మోగుతుంటే నేనూ, మీ అమ్మగారూ వసారాలో కూర్చునేవాళ్లం. ఏమి పాడుతున్నాడురా అని ఆవిడ నన్ను అడిగేది. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, అరుస్తున్నాడు పిన్నీ అని మాత్రం చెప్పేవాడిని. నీకు తోడు దొరికింది, సంతోషం. మాకు తలుపు దొరికింది. పాప్ పాట అయి ఉంటే కనీసం పల్లవి దగ్గరైనా నేను బయటి నుంచి నీతో గొంతు కలిపేవాడిని.

నేను: అమ్మ అడిగిందని నాకు ఈ రోజు దాకా తెలియదు.

మిత్రుడు: చెప్పే సందర్భం రాలేదు.

నేను: అయితే వచ్చే ఆదివారం వినిపించే పాట మాటలను ముందే తెలుగులో రాసి తెస్తాను. నీవు కాగితం చూస్తూ విను. ఆబ్బా పాటలో ఏ గొంతు ఎక్కడ చేరుతుందో నీవు నాకు గుర్తులు పెట్టి ఇయ్యి, హెడ్‌ఫోన్‌తోనే వింటాను.

మిత్రుడు: రాసేటప్పుడు మాటలు మాత్రమే రాసి వదిలేయకు. ఎక్కడ అరుస్తాడో అక్కడ అడ్డగీత పెట్టు. రెండు ప్రతులు తీయి, ఒకటి పిన్నికి ఇస్తాను.