కల్లు కాంపౌండ్ మూసేశారు సరే, తాగేవాణ్ణి ఎవరు చూస్తారు?

హైదరాబాద్ శివార్లలో అల్ప్రాజోలం (కల్లులో మత్తు కోసం కలిపే మందు) తయారీ గుట్టు రట్టయిందన్న వార్త మనకు కొత్త కాదు. ఎక్సైజ్ వాళ్లో, మాదకద్రవ్యాలపై నిఘా పెట్టే ఈగల్ పోలీసు బృందమో పట్టుకుంటారు, కిలోల లెక్క చెబుతారు, నిందితులను వరసగా నిలబెడతారు. అంతటితో కథ ముగిసిందనుకుంటాం. నా దృష్టిలో అసలు ప్రమాదం అప్పుడే మొదలవుతుంది. దాడులు తప్పని అనడం లేదు. డాక్టరు లేకుండా చేసే దాడి సగం పనే అంటున్నాను.

ముందు ఈ మందు బలమెంతో చూడండి. ఆందోళనతో వచ్చిన రోగికి డాక్టరు మామూలుగా 0.25 లేదా 0.5 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. కిలో పొడి అంటే 0.25 మిల్లీగ్రాముల మాత్రలు 40 లక్షలు! పాతకాలపు క్లోరల్ హైడ్రేట్‌తో మనిషిని నిద్రపుచ్చాలంటే అర గ్రాము నుంచి గ్రాము దాకా కావాలి. ఇదే జాతికి చెందిన డయాజెపాం పది మిల్లీగ్రాములు చేసే పనిని అల్ప్రాజోలం దాదాపు అర మిల్లీగ్రాముతోనే చేసేస్తుంది. కల్తీ వ్యాపారికి ఇంతకన్నా ఏం కావాలి? జేబులో పట్టే పొట్లంతో పీపాలకు పీపాలు మత్తెక్కించొచ్చు.

ఆందోళన తగ్గించి నిద్రపుచ్చే బెంజోడయాజెపైన్ జాతి అణువుకు ట్రయజోల్ వలయం చేర్చి అమెరికాలోని అప్‌జాన్ కంపెనీ తయారుచేసిన మందు ఇది. 1981లో అక్కడ అనుమతి వచ్చింది. పానిక్ డిజార్డర్‌కు, అంటే ఉన్నట్టుండి విపరీతమైన భయం కమ్మేసే జబ్బుకు, నిజంగానే పనిచేస్తుంది, ఆ మేలును కాదనలేం. మెదడును నెమ్మదింపజేసే గాబా అనే రసాయనానికి ఇది బలం ఇస్తుంది. నాడీకణాల్లోకి క్లోరైడ్ తలుపులు మరిన్నిసార్లు తెరుచుకుంటాయి, అలజడి తగ్గుతుంది. రోజూ ఇదే జరిగితే మెదడు తన సొంత బ్రేకులను వదులు చేసుకుంటుంది. పైగా ఒంట్లో ఈ మందు సగానికి తగ్గడానికి పట్టేది సుమారు 11 గంటలే. డయాజెపాం ప్రభావం రోజుల తరబడి ఉంటుంది కాబట్టి మెల్లగా దిగుతుంది, ఇది ఒక్కసారిగా దిగిపోతుంది. అలవాటైనవాడికి మందు హఠాత్తుగా ఆగితే నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, లేనివి కనిపిస్తాయి, ఫిట్స్ వస్తాయి. ఆ ఫిట్స్‌తో ప్రాణం పోవచ్చు.

ఇది పుస్తకాల్లో భయం కాదు. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లుపై ప్రభుత్వం విరుచుకుపడ్డాక నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు ఆసుపత్రులు ఇలాంటి వాళ్లతో నిండాయి. 2020 లాక్‌డౌన్‌లో కల్లు, మద్యం రెండూ ఆగిపోయేసరికి ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ముందు క్యూ కట్టారు. రెండుసార్లు చూశాం, రెండుసార్లూ మరిచిపోయాం.

కొందరు చేసే కల్తీకి మొత్తం వృత్తిని బద్నాం చేస్తున్నారని గీత కార్మికుల సంఘాలు అంటాయి. చెట్టెక్కి గీసి అమ్ముకునేవాడికి ఈ పాపంలో వాటా లేదు, ఒప్పుకుంటాను. జనం చస్తుంటే చూస్తూ కూర్చోవాలా అని అధికారులు అడుగుతారు. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు ఎన్ని ప్రాణాలు తీసిందో చూశాక ఆ ప్రశ్న కూడా న్యాయమే. అయితే సరుకు ఆపడం, మనిషిని కాపాడడం ఒకటే పని అనుకోవడం దగ్గరే లెక్క తప్పుతోంది.

ఇంకో మాట. ఇదే అణువు నగరంలో నిద్రమాత్రగా బతుకుతోంది. డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడని మందుల జాబితా అయిన షెడ్యూల్ హెచ్1 ప్రకారం పట్టీ మీద ఎర్ర అంచు గడిలో హెచ్చరిక ఉండాలి, మందుల షాపువాడు కొన్నవాళ్ల వివరాలు రిజిస్టర్లో రాసి మూడేళ్లు దాచాలి. అయినా ఎప్పటిదో పాత చీటీ చూపించి ఏళ్ల తరబడి మింగుతున్నవాళ్లు మన బంధువుల్లోనే ఉన్నారు. వాళ్లది టెన్షన్ అట, కూలివాడిది మత్తు అట! ఒకరికి అపాయింట్‌మెంట్, ఇంకొకరికి పోలీసు జీపు. పేదవాడి ఒంట్లో చేరగానే రోగం కాస్తా నేరమైపోవడం మన పాలనకు పాత అలవాటు. గంజాయి విషయంలోనూ, సారా విషయంలోనూ చేసిందిదే.

కాంపౌండ్ మూసిన సాయంత్రానికే ఆ పరిధిలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి కబురు అందాలి. అల్ప్రాజోలం స్థానంలో డయాజెపాం ఇచ్చి, డాక్టరు పర్యవేక్షణలో డోసు కొద్దికొద్దిగా తగ్గించడం మానసిక వైద్యులకు బాగా తెలిసిన పద్ధతే, మందు ఖరీదూ తక్కువే. వారం పది రోజుల్లో తేలే పని కాదిది, కొందరికి నెలలు పడుతుంది. అందుకే వాళ్ల పేర్లు ఎక్సైజ్ స్టేషన్‌లో కాదు, ఆశా కార్యకర్త పుస్తకంలో ఉండాలి.