మెటీరియల్ ఇచ్చారట!

"మెటీరియల్ అంతా పోర్టల్‌లో పెట్టేశాం, చూసుకోండి." మా కోర్సు వాళ్ళ నోట ఈ మాట వింటేనే ఒళ్ళు మండుతోంది.

పెట్టారండీ, కాదనను. లింకు నొక్కితే "మీకు అనుమతి లేదు, ఓనర్‌ని అడగండి" అని వస్తుంది. రాత్రి పదకొండున్నరకి ఏ ఓనర్‌ని నిద్ర లేపను? అసైన్‌మెంట్ గడువేమో పన్నెండుకి!

తెరుచుకున్న పీడీఎఫ్ సంగతి ఇంకా ఘోరం. ఎవరో పుస్తకాన్ని ఫోన్‌తో ఫొటోలు తీసి అతికించారు. మూడో పేజీ తలకిందులు. ఏడో పేజీలో సగం బొటనవేలే. అంతా ఫొటోలే కాబట్టి ఒక్క పదం వెతకడానికి లేదు. చూపు లేనివాళ్ళకి తెర మీది అక్షరాలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కైతే అది తెల్లకాగితం కిందే లెక్క. పంపే ముందు ఓసీఆర్ చేసి, ఫొటోలోని అక్షరాల్ని టెక్స్ట్‌గా మారిస్తే ఏం పోయింది? ఇక స్లైడ్లు... తెల్లటి తెర మీద లేత బూడిద రంగు అక్షరాలు. మామూలు సైజు అక్షరాలకి కాంట్రాస్ట్, అంటే అక్షరాలకీ వెనక రంగుకీ మధ్య వెలుగు తేడా, కనీసం 4.5:1 ఉండాలని వెబ్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాలు 2008లోనే చెప్పాయి. ఎవరికి పట్టింది!

వీడియోలా? ఒక్కోటి గంటన్నర. కావాల్సిన ఫార్ములా ఏ నిమిషంలో ఉందో ఆ దేవుడికే తెలియాలి. సబ్‌టైటిల్స్ మెషీన్‌కి వదిలేశారు. అది "మాత్రిక"ని "మాత్ర" చేసి కూర్చుంది. లెక్కల క్లాసులో మందుబిళ్ళలు!

పోనీ అని డౌట్ అడిగితే మూడు రోజులకి రిప్లై: "మెటీరియల్ చూశారా?"