మెగాహెర్ట్జ్ మోజు

ఎవరింటికి వెళ్లినా టీవీ ఎన్ని అంగుళాలని అడిగే చుట్టం ఒకరుంటారు. మా ఎన్ఎంఆర్ లోకంలోనూ (అయస్కాంతంలో పెట్టిన పదార్థపు పరమాణు కేంద్రకాల సంకేతాలు వినే విద్య ఇది) అదే తంతు. పలకరింపులు పూర్తికాకముందే "మీ అయస్కాంతం ఎన్ని మెగాహెర్ట్జ్?" అని అడుగుతారు. అయస్కాంతం బలాన్ని అందులో ప్రోటాన్ స్పందించే పౌనఃపున్యంతో చెప్పడం మా వాడుక. 400 అంటే పాపం అన్నట్టు చూస్తారు. 800 అంటే కుర్చీ వేస్తారు.

నా కడుపుమంటకు కారణం ఉంది. పరిశోధక విద్యార్థిగా ఉన్న రోజుల్లో ఓ శుక్రవారం సాయంత్రం ఘన నమూనా ఒకటి యంత్రంలో పెట్టి, కార్బన్-13 సంకేతం కోసం స్కాన్లు మొదలుపెట్టాను. సోమవారం ఉదయానికి 60 గంటలు. తెర నిండా గడ్డి మొలిచినట్టు రొద. దాని మధ్య కాస్త ఎత్తుగా ఒక పోచ. మా గైడు కళ్లద్దాలు పైకి తోసి, "ఏమయ్యా, ఇది పీకా, గడ్డా?" అన్నారు. అది నిజమైన సంకేతపు శిఖరమో (పీక్), రొదో ఇప్పటికీ నాకు తెలియదు.

తప్పు యంత్రానిది కాదు. 400 మెగాహెర్ట్జ్ అయస్కాంతంలో, గది ఉష్ణోగ్రత దగ్గర, బుల్లి అయస్కాంతాల్లాంటి ప్రోటాన్లు లక్ష ఉంటే, అయస్కాంతం వైపు తిరిగినవాటికీ ఎదురు తిరిగినవాటికీ మధ్య తేడా మూడే. మిగిలినవన్నీ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మనం వినేది ఆ ముగ్గురి గొంతు. కార్బన్-13 మరీ బక్కప్రాణి: అయస్కాంత బలం ప్రోటాన్‌లో పావు వంతు, పైగా ప్రకృతిలోని కార్బన్‌లో దాని వాటా 1.1 శాతమే. కోట్లు పోసి 400 నుంచి 800కు వెళ్తే సంకేతం పెరిగేది సుమారు 2.8 రెట్లు.

అదే నమూనాలో జత లేని ఎలక్ట్రాన్ ఉంటే? దాని అయస్కాంత బలం ప్రోటాన్‌కు 658 రెట్లు. అందుకే ఎలక్ట్రాన్లు ఒకే దిక్కుకు తిరిగి ఉండటం చాలా ఎక్కువ. ఆ క్రమాన్ని మైక్రోవేవ్‌లతో కదిలించి పక్కనున్న కేంద్రకాలకు అప్పు ఇప్పించడమే డైనమిక్ న్యూక్లియర్ పోలరైజేషన్, పొట్టిగా డీఎన్‌పీ. సంకేతం 50 రెట్లు పెరిగిందనుకోండి, రొదను అణచడానికి పట్టే స్కాన్ల సమయం దాని వర్గం లెక్కన తగ్గి, 2500వ వంతు అవుతుంది. నా 60 గంటలు నిమిషంన్నర అయ్యేవి! ఆ లెక్క వేసుకున్న రోజు అన్నం సహించలేదు.

ఇది నిన్నమొన్నటి ఊహా కాదు. 1953లో ఇలినాయ్‌లో పనిచేస్తున్న 27 ఏళ్ల భౌతిక శాస్త్రవేత్త ఆల్బర్ట్ ఓవర్‌హౌసర్ వాషింగ్టన్ సమావేశంలో ఈ మాట చెప్పాడు. లోహంలో ఎలక్ట్రాన్ల క్రమాన్ని చెదరగొడితే కేంద్రకాలకు క్రమం వస్తుందన్నాడు. వినడానికి అడ్డగోలు వాదనే. ముందటి ఏడాదే నోబెల్ అందుకున్న బ్లాక్, పర్సెల్‌తోపాటు రాబీ, రామ్సే వంటి దిగ్గజాలు కూడా ఎక్కడో పొరపాటు ఉందన్నారు. అదే ఏడాది కార్వర్, స్లిక్టర్ లిథియం మీద ప్రయోగం చేశారు. రొదలో కలిసిపోయిన సంకేతం ఎలక్ట్రాన్లను కదిలించగానే నిటారుగా లేచింది. రామ్సే కూడా తన పొరపాటు ఒప్పుకుంటూ ఓవర్‌హౌసర్‌కు ఉత్తరం రాశాడు. అంత పెద్దమనిషితనం మన కమిటీల్లో ఎప్పుడు చూస్తానో.

బలమైన అయస్కాంతాల్లో వాడదగ్గ మైక్రోవేవ్ మూలం లేక ఈ విద్య చాలాకాలం మూలనపడింది. 1993లో ఎంఐటీలో గ్రిఫిన్, టెంకిన్ బృందం శక్తిమంతమైన మైక్రోవేవ్‌లు పుట్టించే 140 గిగాహెర్ట్జ్ గైరోట్రాన్‌తో దాన్ని మళ్లీ లేపింది. 2006లో, జత లేని ఎలక్ట్రాన్ ఉండే రెండు రాడికల్స్‌ను ఒకే అణువుగా ముడివేసిన టోటాపోల్ వచ్చింది, 2013లో అమూపోల్.

నాకు ముచ్చట గొలిపేది మాత్రం నమూనా తయారీ. భారజలం, మామూలు నీరు, గ్లిసరాల్ కలిపిన ద్రవంలో చిటికెడు రాడికల్ వేసి, 100 కెల్విన్ దాకా చల్లబరుస్తారు. గ్లిసరాల్ ఎందుకంటే, ఉత్త నీరు గడ్డకడితే మంచు పలుకులు కట్టి రాడికల్స్‌ను ఓ మూలకు నెట్టేస్తుంది. గ్లిసరాల్ ఉంటే ముదురు పాకం గాజులా బిగిసినట్టు అంతా ఉన్నచోటే నిలుస్తుంది. వంటింటి తెలివి ఇది, మెగాహెర్ట్జ్‌లతో పనిలేనిది.

పెద్ద అయస్కాంతాలు దండగని నేననను. పీకులను విడదీసి చూపడంలో వాటికి సాటి లేదు. 2020లో ఫ్లోరెన్స్‌లో పెట్టిన 1.2 గిగాహెర్ట్జ్ యంత్రాన్ని తలచుకుంటే నాకూ నోరూరుతుంది. డీఎన్‌పీకీ లోపాలున్నాయి: గడ్డకట్టిన ప్రోటీన్‌లో పీకులు వెడల్పవుతాయి, రాడికల్ దగ్గరున్న కేంద్రకాలు కనుమరుగవుతాయి, గైరోట్రాన్ కూడా చవక కాదు. అయినా కొనుగోలు జాబితాలో డీఎన్‌పీ పేరైనా ఉండాలి కదా? కిందటిసారి కొనుగోలు కమిటీలో ఆ మాటెత్తితే, "ముందు అయస్కాంతం రానివ్వండి" అన్నారు. అయస్కాంతం వచ్చింది. వచ్చే వారం మళ్లీ సమావేశం, ఇంకా పెద్దది కొనడానికి. ఆ 60 గంటల స్పెక్ట్రం కాగితం పాత ఫైల్లోంచి తీసి సంచిలో పెట్టుకున్నాను. పీకా, గడ్డా వాళ్లే చెప్పాలి.