ఫోన్‌కు దాచింది ఆశా కార్యకర్తకు చెప్పారు

2020 మార్చిలో విశాఖలో తొలి కరోనా కేసు అల్లిపురంలో బయటపడింది. వీధులకు అడ్డంగా బారికేడ్లు పడ్డాయి. కరోనా సోకినవాళ్ల దగ్గర మసలినవాళ్లను బ్లూటూత్‌తో గుర్తించే కేంద్ర ప్రభుత్వ యాప్ ఆరోగ్య సేతు ఏప్రిల్ 2న వచ్చింది. 13 రోజుల్లోనే 5 కోట్ల మంది డౌన్‌లోడ్ చేసుకున్నారని విన్నప్పుడు ఇక గట్టెక్కామనుకున్న వాళ్లలో నేనూ ఉన్నాను.

ఆ రోజుల్లో విశాఖ పూర్ణా మార్కెట్‌లో ఒక కూరగాయల కొట్టు ముందు పది మంది నిలబడ్డారనుకోండి. నలుగురి ఫోన్లలో యాప్ ఉంది. ఆ పది మందిలో ఎవరి పక్కన ఎవరున్నా లెక్కపెడితే 45 జతలు వస్తాయి. ఇద్దరి దగ్గరా యాప్ ఉండి, బ్లూటూత్ ఆన్‌లో ఉంటేనే ఒక ఫోన్ రెండోదాన్ని గుర్తుపట్టేది కాబట్టి, అందులో చిక్కేవి 6 జతలే. బటన్ ఫోన్ ఉన్నవాళ్ల కోసం 1921 నంబరు పెట్టారు గానీ, పక్కన నిలబడిన మనిషిని అది పసిగట్టలేదు.

అందుకే జనం ఇష్టపడి వాడడం ముఖ్యం. మే 1న కేంద్రం ప్రభుత్వ, ప్రైవేటు ఉద్యోగులందరికీ యాప్ తప్పనిసరి చేసింది. మే 17కల్లా ఆ మాట మెత్తబడింది. ఈలోపు జరగాల్సింది జరిగింది. ఆఫీసు గేటు దగ్గర చూపించడానికి, రైలెక్కడానికి వేసుకున్నవాళ్లు పని అయ్యాక బ్లూటూత్ ఆపేశారు. గేటు పాస్‌గా మొదలైన యాప్‌ను ఇంట్లో ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

అసలు భయం మాత్రం ఫోన్‌లో లేదు. పాజిటివ్ అని తెలిస్తే ఇంటిముందు బ్లీచింగ్ చల్లేవారు, పక్కింటివాళ్లు తలుపు మూసుకునేవారు. హార్బర్‌లో రోజుకూలీకి 14 రోజులు ఇంట్లో ఉండమంటే 14 రోజుల కూలి పోయినట్టే. ఆ టెన్షన్‌కు యాప్ దగ్గర జవాబు లేదు. ముప్పును బట్టి స్క్రీన్ మీద రంగు మారేది, అంతే. అదే ఆశా కార్యకర్త గుమ్మంలో నిలబడి "జ్వరమేమైనా ఉందా అమ్మా?" అని అడిగితే చాలామంది నిజం చెప్పారు. ఆవిడ మాత్రలు తెస్తుంది, రేపు మళ్లీ వస్తుంది. ఎవరికి చెబుతున్నామో తెలుసు.

సమాచారం ఎక్కడికి వెళ్తుందన్న అనుమానం కూడా ఉత్తదేం కాదు. 180 రోజులకు మించి ఉంచబోమని మే 11న ప్రభుత్వం నిబంధనలు పెట్టింది, కానీ వాటి వెనుక పార్లమెంటు చేసిన చట్టం లేదు. సింగపూర్‌లో ఇలాంటిదే అయిన ట్రేస్‌టుగెదర్ యాప్ సమాచారం కాంటాక్టుల గుర్తింపుకే అన్నారు. 2021 జనవరిలో అది పోలీసులకూ అందుతుందని తేలింది. జనం మండిపడ్డాక ఫిబ్రవరిలో హద్దులు గీస్తూ చట్టం చేశారు.

మళ్లీ అలాంటి రోజులొస్తే ఆ హద్దుల చట్టం యాప్‌కన్నా ముందు రావాలి. రంగు మారిన రోజే ఆ ఇంటికి కూలి డబ్బు, బియ్యం చేరాలి. హార్బర్ కూలీని ఫోన్ తెరవమని అడిగేది ఆ తర్వాతే.